15 మైళ్ళలోపు రేవు

"అవి నా డబ్బులే" అన్నాడు మా సూపర్‌వైజర్, కాఫీ కప్పు బల్లమీద కాస్త గట్టిగానే పెట్టి. ఆరేళ్ళుగా ఆయన కింద పనిచేస్తున్నా, నాతో అలా మాట్లాడటం అదే మొదటిసారి. క్యాంటీన్‌లో పక్క బల్ల వాళ్ళు కూడా తిరిగి చూశారు. తప్పు నాదేననుకోండి. పిలిచి తన పడవలో తిప్పిన మనిషితో, సోమవారం పొద్దున్నే "సరదాకి తిరిగే పడవల రేవుల కోసం మీ గవర్నమెంటు ఇంత ఖర్చు పెడుతుందా, డబ్బున్నవాళ్ళకి బాగానే ఉంది" అన్నాను. జోకులా అందామనుకున్నాను. నోట్లోంచి జోకులా రాలేదు.

అసలు శనివారం ఏం జరిగిందంటే, ఇక్కడ అమెరికాలో, మిచిగాన్ రాష్ట్రంలోని పోర్ట్ హ్యూరన్ దగ్గర నుంచి ఆయన పడవలో హ్యూరన్ సరస్సులోకి వెళ్ళాం. సరస్సని పేరుకే. అవతలి ఒడ్డు కనబడదు. ఉప్పు వాసన రాదు కాబట్టి ఏదో తేడాగా ఉంటుంది తప్ప మనకి సముద్రమే. మధ్యాహ్నం దాటాక పడమర నల్లబడింది. గంట తిరక్కుండానే అలలు లేచాయి. మన బంగాళాఖాతం అలలా పొడుగ్గా లేచి దించవు ఇవి, పొట్టిగా, నిటారుగా, ఒకదాని వెనక ఒకటి ఊపిరి తీసుకోనివ్వకుండా కొడతాయి. ఆయన ఏమీ కంగారు పడకుండా మ్యాప్ చూసి, "లెక్సింగ్టన్ దగ్గర్లోనే ఉంది, అక్కడికి పోదాం" అని రేడియోలో ఛానల్ 9 కలిపాడు. అటు నుంచి ఎవరో కుర్రాడి గొంతు, పడవ పొడవెంత, ఎంతమంది ఉన్నారు అని అడిగి, ఫలానా చోటుకి రండి అంది.

రాళ్ళ గోడ దాటి లోపలికి తిరగ్గానే నీళ్ళు చెరువులా అయిపోయాయి. వెనక అలల హోరు వినబడుతూనే ఉంది, మా కింద మాత్రం కదలిక లేదు. పసుపు రెయిన్‌కోటు వేసుకున్న కాలేజీ కుర్రాడు పరిగెత్తుకొచ్చాడు. నేను తాడు విసిరితే పట్టుకున్నాడు కానీ, గట్టుమీద ఇనప కొమ్ముకి నేనే దిగి చుట్టాను. రెండు మెలికలు, పైన ఒక తిరగేసిన మెలిక, చివర లాగి బిగించడం. చిన్నప్పుడు నాన్న పక్కన నేర్చుకున్న ముడి, ఇరవై ఏళ్ళ తర్వాత చేతులే గుర్తు తెచ్చుకున్నాయి. కుర్రాడు వంగి చూసి "బాగా వేశావే, ఎక్కడ నేర్చుకున్నావ్" అన్నాడు. ఇండియాలో, మా నాన్న జాలరి అన్నాను. "అయితే అక్కడ తుఫానొస్తే పడవలు ఎక్కడ పెడతారు?" అన్నాడు. మామూలుగానే అడిగాడు పాపం.

ఒడ్డుకి లాగేస్తాం అన్నాను.

ఎలా లాగుతారో చెప్పలేదు. మాది శ్రీకాకుళం జిల్లా తీరం, చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఇంజను ఎత్తి పట్టుకుని, ఒడ్డు దగ్గర అల విరిగే చోట సమయం చూసి దూకించాలి. ఒక్క లెక్క తప్పితే పడవ అడ్డం తిరిగి బోల్తా కొడుతుంది, నడిసంద్రంలో ఏమీ కాని మనిషి ఇంటి ముందు పోతాడు. ఆపైన ఊరంతా వచ్చి భుజాలేసి ఇసకలో తోయడం. 193 కిలోమీటర్ల తీరం మా జిల్లాకి, నేను పెరిగినన్నాళ్ళూ పడవ కట్టుకోవడానికి ఒక సరైన హార్బర్ లేదు. పెద్ద బోటు కావాలంటే విశాఖ పోవాలి, లేదంటే గుజరాత్. మా చిన్నాన్న పదిహేనేళ్ళు అక్కడి వెరావల్‌లో బోటు మీద కలాసీగా చేశాడు. 2018 నవంబరులో అక్కణ్ణుంచి వేటకెళ్ళిన మన వాళ్ళు ఇరవై మంది పైచిలుకు పాకిస్తాన్ చేతికి చిక్కి, 2020 జనవరికి గానీ వాఘా దాటి రాలేదు కదా. ఆ రోజుల్లో టీవీలో ఆ ఊళ్ళ పేర్లు వింటే, చిన్నాన్న అప్పటికే మానేశాడు కాబట్టి బతికిపోయాం అనుకున్నాం. పక్క జెట్టీ లేక దేశం అటు చివరకి పోయారని ఎంతమంది అనుకున్నారో మరి.

ఇదంతా లోపల ఉండి సోమవారం ఆ మాట అనిపించింది. ఆయన తిట్టాక ఇంటికొచ్చి కూర్చుని చదివాను, ఎక్కడో ఒక చోట ఆయన తప్పు దొరక్కపోతుందా అని. దొరకలేదు. మిచిగాన్‌లో జలమార్గాల కమిషన్ ఒకటి 1947లో పెట్టారు, మనకి స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే. గ్రేట్ లేక్స్ అనే ఈ పెద్ద సరస్సుల ఒడ్డు వెంట ఏ పడవైనా 15 మైళ్ళలోపు ఏదో ఒక రేవులో తలదాచుకునేలా వరసగా కట్టుకుంటూ పోవాలన్నది వాళ్ళ ఆలోచన. డబ్బు కూడా నిజంగానే ఆయనదే. పెట్రోలు పన్నులో 2 శాతం పక్కన పెడతారు, ఎందుకంటే జనం కొనే పెట్రోలులో కొంత రోడ్డు మీద కాక పడవల్లోనూ మంచు మీద నడిపే బళ్ళలోనూ కాలుతుంది. ఆ 2 శాతంలో 80 శాతం ఈ రేవుల నిధికి పోతుంది. పడవ రిజిస్ట్రేషన్ ఫీజులో కూడా వాటా ఉంది. ఊరు కట్టుకునే హార్బర్‌కి సగం రాష్ట్రం ఇస్తే సగం ఊరు వేసుకోవాలి.

మన దగ్గర జాలరికి ఏమీ ఇవ్వరా అంటే, ఇస్తారు. డీజిల్ మీద లీటరుకి 9 రూపాయల సబ్సిడీ ఉంది, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉన్నందుకు భృతి ఉంది, అది 10,000 నుంచి 20,000కి పెంచారు కూడా. కాదనను, మా ఇంట్లోనే ఆ డబ్బుతో పొయ్యి వెలిగింది. కానీ చేతిలో పెట్టే డబ్బుకి మీటింగు ఉంటుంది, ఫొటో ఉంటుంది. నీళ్ళ కింద రాళ్ళు పోస్తే ఎవడికి కనబడుతుంది? ఫిషింగ్ హార్బర్లు కడతామన్నప్పుడు కూడా జువ్వలదిన్నె, ఉప్పాడ, నిజాంపట్నం, మచిలీపట్నం ముందు విడతలో పెట్టి మా బుడగట్లపాలేన్ని రెండో విడతలో వేశారు. మేం ఎప్పుడూ రెండో విడతే లెండి.

ఇక్కడ అంతా బంగారమేమీ కాదు, అది కూడా చదివాను, కొంచెం సంతోషంగానే చదివానని ఒప్పుకుంటాను. 2013లో సరస్సులో నీళ్ళు ఎన్నడూ లేనంత దిగిపోయి హార్బర్లలో పడవలు కదిలే లోతు లేకపోతే, రాష్ట్రం అత్యవసరంగా పూడిక తీయించింది. 2020లో మళ్ళీ రికార్డు ఎత్తుకి పొంగి గట్లు మునిగాయి. మర్నాడు సూపర్‌వైజర్‌కి సారీ చెప్పి ఈ సంగతి ఎత్తితే, "తెలుసు, 2020లో మోకాలి లోతు నీళ్ళలో నడిచి పడవ ఎక్కాను" అని నవ్వాడు. మళ్ళీ ఆగస్టులో వస్తావా అన్నాడు. వస్తానన్నాను.

ఆ రాత్రి నాన్నకి వీడియో కాల్ చేసి లెక్సింగ్టన్ ఫొటోలు పంపాను. రాళ్ళ గోడ చూస్తాడనుకున్నాను. ఆయన ఫోను మొహానికి దగ్గరగా పెట్టుకుని, వేలితో పెద్దది చేసుకుని, వరసగా కట్టి ఉన్న తెల్ల పడవల్నే చాలాసేపు చూశాడు.

"ఇన్ని పడవలు కట్టేసి ఉంచారేట్రా? ఇప్పుడక్కడ వేట నిషేధమా?"