ఇరుసు చెప్పిన పాఠం: మోటార్‌సైకిల్ వెనక ట్రెయిలర్‌తో బిగ్ బెండ్ దాకా

నా హోండా గోల్డ్‌వింగ్‌తో వచ్చిన చేతిపుస్తకంలో ఈ బండికి ట్రెయిలర్ తగిలించవద్దని స్పష్టంగా రాసి ఉంది. ఆ సంగతి తెలిసే తగిలించాను కనుక, దారిలో ఎదురైన ఇబ్బందులకు ఇంకెవరినీ తప్పుపట్టే హక్కు నాకు లేదని ముందుగానే ఒప్పుకుంటున్నాను.

డాలస్ నుంచి పడమటి టెక్సస్ కొసన ఉన్న బిగ్ బెండ్ నేషనల్ పార్కుకు దాదాపు 900 కిలోమీటర్లు. నేనూ, మా ఆవిడా నవంబరులో ఐదు రాత్రులు అక్కడ గుడారంలో గడపాలనుకున్నాం. 1,832 సీసీ, ఆరు సిలిండర్లు గల ఆ బండికి మూడు సామాను పెట్టెలున్నా, గుడారం, పరుపులు, చలిదుస్తులు, నీళ్ల డబ్బాలు, పొయ్యి సర్దేసరికి సగం సామాను నేల మీదే మిగిలిపోయింది. ఆవకాయ సీసాను ఇంట్లో వదలడానికి ఆవిడ ఒప్పుకోలేదు, నేనూ గట్టిగా అడగలేదు.

మోటార్‌సైకిళ్ల కోసమే తయారయ్యే ట్రెయిలర్లు వేల డాలర్లు పలుకుతాయి. నేను కొన్నది పనిముట్ల దుకాణంలో విడిభాగాలుగా అమ్మేది, నాలుగు వందల డాలర్ల లోపుది. రెండు వారాంతాలు కూర్చుని బిగించి, పైన ప్లైవుడ్ పరచి, దాని మీద కారు పైకప్పుకు వాడే పాత ప్లాస్టిక్ పెట్టెను బోల్టులతో పట్టించాను. కౌంటీ ట్యాక్స్ ఆఫీసులో నంబర్ ప్లేటు తీసుకోవడం సులభంగానే అయింది. లైట్ల దగ్గర మాత్రం ఒక చిక్కు వచ్చింది. నా బండికి బ్రేకు లైటు వేరు, ఇండికేటర్లు వేరు. ఇటువంటి చవక ట్రెయిలర్‌లో ఆ రెండు పనులూ ఒకే బల్బు చేస్తుంది. ఆ రెండు సంకేతాలనూ ఒకే బల్బుకు సరిపడేలా కలిపే కన్వర్టర్ అనే చిన్న పరికరాన్ని మధ్యలో పెట్టకుండా తీగలు కలిపితే కుడివైపు తిరుగుతున్నామో, ఆగుతున్నామో వెనక వచ్చేవారికి అర్థం కాదు.

అన్నిటికంటే ఎక్కువ సమయం తిన్నది బరువు సర్దుబాటు. చిన్నప్పుడు మా తాతయ్య ఎద్దుబండికి గడ్డి ఎత్తించేటప్పుడు నొగ పట్టుకుని ఒకసారి పైకి లేపి చూసేవాడు. ముందుకు బరువెక్కితే ఎద్దుల మెడ మీద కాడి నొక్కుతుందని, వెనక్కి ఎక్కితే కాడి పైకి లేస్తుందని ఆయన లెక్క. ఇక్కడా అదే సూత్రం, కాకపోతే ఎద్దుల మెడకు బదులు నా బండి వెనక చక్రం. సామానుతో కలిపి మొత్తం 140 కిలోలయితే, బండికి తగిలించే మూతి మీద సుమారు పదో వంతు, అంటే 14 కిలోలు పడాలి. అంతకంటే బాగా తగ్గితే ట్రెయిలర్ వేగం మీద తోక ఊపడం మొదలుపెడుతుంది. స్నానాల గదిలోని తూకం యంత్రాన్ని మూతి కింద పెట్టి, నీళ్ల డబ్బాలను ఇరుసుకు ముందుకూ వెనక్కూ జరుపుతూ నేను గంటసేపు కుస్తీ పట్టాను. చివరికి ఆవకాయ సీసా కూడా ఇరుసుకు కాస్త ముందే చోటు దక్కించుకుంది.

ఇంటర్‌స్టేట్ 20 మీద పడమటికి బయలుదేరిన మొదటి గంటలోనే తెలిసిన విషయం ఏమిటంటే, వెనక ట్రెయిలర్ ఉందన్న సంగతి మరచిపోవడం చాలా తేలిక. ఇంజనుకు ఆ బరువు లెక్కలోది కాదు, ఇరుకైన పెట్టె అద్దాల్లోనూ సరిగా కనబడదు. అది గుర్తుకు వచ్చేది ఆగవలసి వచ్చినప్పుడే. దానికి బ్రేకులు లేవు కనుక నా బ్రేకులే రెండింటినీ ఆపాలి. పడమటి టెక్సస్‌లో ఆ రోడ్డు మీద గంటకు 80 మైళ్ల దాకా అనుమతి ఉన్నా, మేము 60కీ 65కీ మధ్యనే కుడి వరుసలో సాగాము. దానికి ఇంకో కారణం కూడా ఉంది. ఎనిమిది అంగుళాల రిమ్ముల మీది ఆ చిన్న చక్రాలు నా బండి వెనక చక్రం ఒకసారి తిరిగేలోపు ఒకటిన్నరసార్లు తిరుగుతాయి, అందుకే వాటి బేరింగులు త్వరగా వేడెక్కుతాయి.

ఆ తిరుగుడు ఫలితం బిగ్ స్ప్రింగ్ ఊళ్లో పెట్రోలు పోయించుకోవడానికి ఆగినప్పుడు కనబడింది. ప్రతి మజిలీలోనూ చక్రాల మధ్య భాగాన్ని చేత్తో తాకి చూడడం అలవాటు చేసుకున్నాను. ఎడమది గోరువెచ్చగా ఉంది. కుడిదాని మీద చెయ్యి ఆనలేదు. కందెన తక్కువైందేమోనని మొదట అనుకున్నాను, కాని బయలుదేరే ముందు రెండు వైపులా బేరింగులు కడిగి కొత్త గ్రీజు నేనే పట్టించాను. నీడలో నిలిపి, చిన్న జాకీతో ఆ పక్క లేపి, కడసీల ఊడదీసి చూస్తే తప్పు బయటపడింది. చక్రం ఊగుతుందేమోనన్న భయంతో నట్టును అతిగా బిగించాను. బేరింగుకు ఊపిరి సలపలేదు. ఒక గాడి మేరకు వదులు చేసి, తిప్పితే చక్రం హాయిగా తిరిగేలా ఉంచి, గ్రీజు నింపి మళ్లీ సీల దిగ్గొట్టాను. అక్కడినుంచి ఒడెస్సా దాకా రెండుసార్లు ఆగి తాకి చూశాను. రెండోసారి ఆవిడే, “ఏమండీ, దానికి జ్వరం తగ్గింది లెండి” అన్నారు.

ఒడెస్సా దాటకముందే ఇంకో పాఠం దొరికింది. మోటార్‌సైకిల్ ఒక్కటే అయితే దారిలో ఒక జాడే. ట్రెయిలర్‌తో కలిస్తే మూడు జాడలు. లారీ టైరు నుంచి ఊడిన రబ్బరు ముక్కను నేను చక్కగా తప్పించుకున్నాను గాని, ట్రెయిలర్ ఎడమ చక్రం దాని మీదికి ఎక్కి గంతు వేసింది. పెట్టె మూతకు అడ్డంగా కట్టిన పట్టీలే పరువు కాపాడాయి. ఆ తరువాత గుంటను చూసినప్పుడల్లా నన్ను నేను లారీగా ఊహించుకోవడం నేర్చుకున్నాను.

ఆ రాత్రి ఫోర్ట్ స్టాక్టన్‌లో బస. గది ఎదుట ముక్కు పెట్టి ఆపాను, తెల్లారాక వెనక్కి రాలేకపోయాను. గోల్డ్‌వింగ్‌కు రివర్స్ సదుపాయం ఉన్నా, పొట్టి ట్రెయిలర్ రెండడుగులకే మడత పడుతుంది. గొలుసులు విప్పి, దాన్ని చేత్తో నెట్టుకుని పోయి, బండిని తిప్పి, మళ్లీ తగిలించాను.

385వ నంబరు రహదారి మీద మారథాన్ దాటాక ఎడారి తప్ప మరేమీ లేదు. పార్కులో మొదటి రెండు రాత్రులు కొండల నడుమ పల్లంలో ఉన్న చీసోస్ బేసిన్‌లో. 20 అడుగులు మించిన ట్రెయిలర్లతో అక్కడికి రావద్దని పార్కువారి సూచన. మాది అందులో సగం కూడా లేదు, అయినా మలుపులు తిరుగుతూ దిగే ఆ రోడ్డు మీద వెనకనుంచి నెట్టే బరువు నడుముకు తెలిసింది. మలుపుకు ముందే వేగం తగ్గించి, రెండో గేరులో, వంపులో బ్రేకు ముట్టకుండా దిగాను. మిగిలిన మూడు రాత్రులు నది పక్కన రియో గ్రాండే విలేజ్‌లో. అక్కడ ట్రెయిలర్‌ను గుడారం పక్కన వదిలి ఒట్టి బండితో సాంటా ఎలీనా లోయకు వెళ్లిన రోజున, 1,500 అడుగుల రాతిగోడల కంటే ముందు నన్ను ఆనందపరచింది మలుపుల్లో ఆ బండి తేలికదనమే.

ఇంటికి చేరాక రెండు బేరింగులూ విప్పాను. ఎడమవైపు గ్రీజు పెట్టినట్టే ఉంది. కుడివైపుది నల్లబడింది, రోలర్ల మీద వేడికి వచ్చిన నీలి చాయ కనబడింది. ఆ బేరింగును మార్చి, పన్నెండు అంగుళాల రిమ్ముల కోసం ఇరుసు దగ్గర ఎంత చోటు ఉందో టేపుతో కొలుచుకున్నాను.