బజారులో వచ్చిన ఒడియా, బడిలో రాని ఇంగ్లీషు

పర్లాకిమిడి బజారులో బెండకాయల బేరం దగ్గర నా మాట ఒడియాలో మొదలై, మధ్యలో తెలుగులోకి దిగి, మళ్లీ ఒడియాలో ముగుస్తుంది. 1936 ఏప్రిల్ 1న ప్రత్యేక ఒడిశా ఏర్పడినప్పుడు అందులో కలిసిన ఊరు మాది. ఇక్కడ ఇది అందరి అలవాటే. నేను ఒడియా వ్యాకరణం ఏనాడూ చదువుకోలేదు, అయినా ఆ భాషలో మాట కోసం తడుముకున్న గుర్తు లేదు. ఇంగ్లీషును మాత్రం పదహారేళ్లు పుస్తకాలతో చదివి, ఆ భాషలోనే ఆఫీసు నివేదికలు రాస్తూ కూడా, ఎదుట మనిషి కూర్చుంటే వాక్యం సగంలో ఆగిపోయేవాణ్ణి.

మూడేళ్ల క్రితం విదేశీ బృందంతో జరిగిన ఆన్‌లైన్ సమావేశంలో ‘డెవలప్‌మెంట్’ అన్న మాటను నేను మూడుసార్లు చెప్పవలసి వచ్చింది. తప్పు వారి చెవులదని ఆ సాయంత్రం ఇంట్లో వాదించాను. తరువాత నిఘంటువు తెరిచి చూస్తే, నేను ‘డె’ మీద వేస్తున్న బరువు నిజానికి ‘వె’ మీద పడాలని తెలిసింది.

తెలుగులో అక్షరం హ్రస్వమో దీర్ఘమో అయితే చాలు, ప్రతి అక్షరానికీ దాని వంతు దానికి దక్కుతుంది. ఇంగ్లీషులో అలా కాదు. మాటలో ఒక్క అక్షరం గట్టిగా పలికి, మిగిలినవి దాని నీడలో నలిగిపోతాయి. ‘ఫొటోగ్రాఫ్’లో బరువు మొదటి అక్షరం మీద, ‘ఫొటోగ్రఫీ’లో రెండవదాని మీద, ‘ఫొటోగ్రాఫిక్’లో మూడవదాని మీద పడుతుంది. ‘రికార్డ్’ నామవాచకమైతే మొదట, క్రియ అయితే చివర బరువు ఉంటుంది. ‘ఐ కెన్ డూ ఇట్’ అనే వాక్యంలో ‘కెన్’ దాదాపు వినబడకుండా జారిపోవాలి. మనం దానిని నిండుగా పలికితే వినేవారికి ‘కాంట్’ అన్నట్టు తోచి అర్థమే తిరగబడే ప్రమాదం ఉంది. దీనికి తోడు, బస్సు, కారు, రోడ్డు అంటూ మాట చివర అచ్చు చేర్చే అలవాటు మనది. హిందీవారి ‘ఘర్’ను చివరి అకారంతో ‘ఘర’ అని పలికే ఒడియావారిదీ ఇంచుమించు అదే దారి కాబట్టి, ఈ విషయంలో సరిహద్దుకు ఇవతలా అవతలా తేడా లేదు. ఇంతకీ యాస మార్చుకోమని నేను అనడం లేదు. మన ‘ట’కారం వల్ల ఎవరికీ అర్థం చెడదు, బరువు తప్పితే చెడుతుంది.

రెండవ చిక్కు వాక్యం అల్లికలో ఉంది. ‘నిన్న గుణుపురం నుంచి వచ్చిన మనిషి’ అన్నప్పుడు మనిషిని చివరికి తెస్తాము. ఇంగ్లీషులో ముందు మనిషిని నిలబెట్టి, తరువాత అతని సంగతి చెబుతారు. నేను మొత్తం వాక్యాన్ని లోపల తెలుగులో పేర్చుకుని, దానిని తిరగేసి బయటపెట్టబోయేవాణ్ణి. ఆ తిరగేసే పనిలోనే నాలుక ఆగేది. ఆ భాషలో పుట్టి పెరిగినవారు కూడా ఆగుతారు, కానీ ఎక్కువగా ఒక ఉపవాక్యం ముగిసిన చోట ఆగుతారు. నేను నడుమ ఆగేవాణ్ణి.

ఈ ఊళ్లోనే పంతులుగా పనిచేసిన గిడుగు రామమూర్తిగారు సవర భాషను దానిని మాట్లాడేవారి నోటి నుంచే నేర్చుకుని, నిఘంటువులు ఆ తరువాత కూర్చారు. నేను దానికి సరిగ్గా ఎదురుదారిలో నడిచాను. (వాడుక భాష కోసం పోరాడిన ఆయన ఊళ్లో కూర్చుని ఇంత బిగువైన తెలుగులో ఈ టపా రాయడం ఆయనకు నచ్చేది కాదేమో.)

నాకు అన్నిటికంటె ఎక్కువగా పనికివచ్చినది, న్యూజిలాండ్‌కు చెందిన భాషాబోధన పండితుడు పాల్ నేషన్ ప్రచారంలోకి తెచ్చిన నాలుగు-మూడు-రెండు నిమిషాల పద్ధతి. ఒకే విషయాన్ని ముగ్గురు వేర్వేరు శ్రోతలకు, మొదట నాలుగు నిమిషాలలో, తరువాత మూడు, చివరకు రెండు నిమిషాలలో చెప్పాలి. కొత్త సంగతులు చేర్చకూడదు. నా శ్రోతలు మా ఆవిడ, మా బావమరిది, ఇద్దరూ విసుగెత్తాక ఫోను. మూడవసారికి మాటలు వెతుక్కునే పని ఉండదు కాబట్టి, ‘ది థింగ్ ఈజ్’, ‘యాజ్ ఫార్ యాజ్ ఐ నో’ వంటి పదబంధాలు విడివిడి మాటలుగా కాక ఒకే ముద్దగా నోటికి వస్తాయి. బేరమాడేటప్పుడు ఒడియా నాకు వచ్చినది ఇలాగే, ఒకే మాటను వందసార్లు తొందరలో చెప్పి. నౌపడా వెళ్లే బండిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, వార్తలు చదివేవారి వెనువెంటనే అదే లయలో గొణుక్కోవడం కూడా చేస్తున్నాను. ఎదుటి సీటువారు దానిని మంత్రజపం అనుకుంటున్నట్టున్నారు.

గత ఆదివారం ఫోనులో దాచుకున్న రెండు నిమిషాల రికార్డింగు విన్నాను. ‘గురించి చర్చించాము’ అనే మన అలవాటు కొద్దీ ‘డిస్కస్డ్ అబౌట్’ రెండుసార్లు దొర్లింది. ‘డెవలప్‌మెంట్’లో బరువు మాత్రం పడవలసిన చోటే పడింది.