పడమటి గోడ, ముసురు తర్వాత

ఆగస్టు, మంగళవారం

నాలుగు రోజుల ముసురు ఇవాళ తెరిపిచ్చింది. కూకట్‌పల్లిలో ఎండ పొడ కనిపించగానే కిటికీలన్నీ తీసి, బీరువాను గోడకు దూరంగా లాగాను. దాని వెనక నేల నుంచి మోకాలెత్తు దాకా నల్లటి చుక్కలు, ఆరని బట్టల వాసన. నైరుతి గాలికి వాన దెబ్బ ఎక్కువగా తినేది పడమటి గోడే. దానికి బీరువా ఆనిస్తే గాలి ఆడదు, చెమ్మలో పెరిగే బూజుకు (ఫంగస్‌కు) అంతకన్నా ఏం కావాలి?

కాస్త పైన తెల్లగా పొంగినట్టున్నది బూజు కాదు. నీటి చుక్క వేస్తే కరిగింది, అంటే ఇటుకలోంచి నీటితో బయటికొచ్చిన ఉప్పు. బూజు కరగదు, గుడ్డకు మరకలా అంటుకుంటుంది. ఉప్పు పూసిందంటే గోడ లోపల నీళ్ళు నడుస్తున్నట్టే.

తడి ఎటు నుంచి వస్తోందో తేల్చుకోవడానికి ఆదివారం అదే గోడకు అంటించిన పాలిథిన్ ముక్క కూడా విప్పాను. అడుగు పొడవు, అడుగు వెడల్పు, నాలుగంచులా టేపు, 48 గంటలు. గది వైపు చెమ్మ పడితే ఇంట్లో తేమ ఎక్కువని అర్థం: లోపల బట్టలారేయడం మానాలి, స్నానాల గదికి ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టాలి. గోడ వైపు తడిస్తే నీళ్ళు బయటి నుంచి దిగుతున్నాయి. ఇక్కడ గోడ వైపే తడిసింది. కిటికీ చట్రం గోడను కలిసే చోట సందు ఉంది, ఆరాక సీలెంట్‌తో పూడ్చాలి. ఆ సందు పూడ్చకుండా ఎంత కడిగినా వచ్చే వానకు మళ్ళీ అదే.

కడగడంలో అందరూ చేసే తప్పు పొడి చీపురుతో దులపడం. అలా దులిపితే కంటికి కనిపించని బూజు బీజాలు ఇల్లంతా ఎగురుతాయి. ఫ్యాను ఆపి, గది తలుపు మూసి, ఎన్95 మాస్కు, గ్లవ్స్, కళ్ళద్దాలు పెట్టుకుని ముందు గోడను తడపాలి. తర్వాత డిటర్జెంట్ నీళ్ళతో బ్రష్షు వేసి, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కవర్లో కట్టి పారేయాలి. టైల్స్ మీదైతే లీటరు నీటికి 60 మి.లీ. మించకుండా బ్లీచ్ చాలు. బాత్రూం యాసిడ్‌తో మాత్రం కలపనే కూడదు, క్లోరిన్ వాయువు పుడుతుంది. గోడ పూతలోకి బ్లీచ్ సరిగా ఇంకదు, పైగా చచ్చిన బూజు కూడా అలర్జీ తెస్తుంది. అందుకే చంపడం కన్నా తుడిచి తీసేయడమే ముఖ్యం. మూడడుగుల చదరం దాటి వ్యాపిస్తే, లేదా తడిసిన ఫాల్స్ సీలింగ్ అయితే, పనివాళ్ళను పిలవాల్సిందే.

వాసన పోవడానికి సాంబ్రాణి వేస్తారు. దయచేసి ఆయాసం ఉన్నవాళ్ళున్న ఇంట్లో వద్దు. పొగ ఊపిరితిత్తుల్ని ఇంకా రేపుతుంది, బూజు ఎక్కడున్నది అక్కడే ఉంటుంది.

పొద్దున్నే తుమ్ములు, కళ్ళ దురద, రాత్రి పొడి దగ్గు, పిల్లల్లో పిల్లికూతలు: ఊరెళ్ళి నాలుగు రోజులుంటే తగ్గి, ఇంటికి రాగానే తిరగబెడితే గోడల్ని అనుమానించాలి. ఛాతీ వైద్యులకు ఆ సంగతి విడిగా చెప్పాలి, వాళ్ళు అడిగేదాకా ఆగొద్దు. ఉబ్బసం ఉన్నవాళ్ళు, కీమోథెరపీ తీసుకుంటున్నవాళ్ళు, అవయవ మార్పిడి అయినవాళ్ళు ఈ శుభ్రం చేసే గదిలోకి రాకూడదు. 2021లో భయపెట్టిన బ్లాక్ ఫంగస్ ఇదేనా అని చాలామందికి అనుమానం. అది మ్యూకరేల్స్ అనే వేరే వర్గం ఫంగస్ వల్ల వచ్చేది. గోడ మీద నలుపు ఎక్కువగా క్లాడోస్పోరియం, ఆస్పర్‌జిల్లస్ లాంటి బూజు రకాలు. రంగు చూసి ప్రమాదం ఎంతో చెప్పలేం.

పుట్టీ, రంగు ఇప్పుడే కాదు. తడి మీద వేస్తే పొక్కులు లేస్తాయి. సందు పూడ్చి, పాలిథిన్ మళ్ళీ అంటించి, పొడిగా తేలాక చూద్దాం. రాత్రి తొమ్మిదింటికి హైగ్రోమీటర్ (గాలిలో తేమ కొలిచే పరికరం) 74 శాతం చూపిస్తోంది. 60కి దిగేదాకా బీరువా గది మధ్యలోనే.