రేస్ కారును లాగడానికి పాత బండి వేట: తొమ్మిది వారాల లాగ్

మొదటి వారం

మాది చిన్న హ్యాచ్‌బ్యాక్. సీట్లు, కార్పెట్లు, డోర్ల లోపలి అట్టలు పీకేసి, రోల్ కేజ్ (బోల్తా పడినా లోపలివాళ్లను కాపాడే ఇనుప చట్రం) వెల్డింగ్ చేయించి రేస్ కారుగా మార్చుకున్నాం. ఇక దాన్ని మామూలు రోడ్డు మీద నడిపే వీల్లేదు. నడిపినా, ట్రాక్ మీద గేర్‌బాక్స్ పోతే ఇంటికి ఎలా వస్తాం? ఇన్నాళ్లూ ప్రతిసారీ అద్దె లారీ మీద తీసుకెళ్లాం. ట్రైలర్ ఇప్పటికే ఉంది కాబట్టి దాన్ని లాగే పాత బండి ఒకటి తక్కువలో చూసుకోవాలి.

బండ్లు చూడకముందే చేసిన పని కాటా వేయించడం. మొత్తం 1,100 కేజీలు ఉంటుందని నేనూ నా స్నేహితుడూ అనుకున్నాం. ట్రైలర్ మీద కారు ఎక్కించి, రేసుకు వెళ్లేటప్పుడు పట్టుకెళ్లే సామానంతా పెట్టి తూకం వేయిస్తే 1,370 వచ్చింది. విడివిడిగా చూస్తే కారు 790, ఖాళీ ట్రైలర్ 430, మిగతా 150 సామాను. రిమ్ములతో సహా నాలుగు టైర్లు, జాకీ, స్పానర్ల పెట్టె, పెట్రోల్ డబ్బా, ఒక్కొక్కటీ చూస్తే తేలికే, కలిపితే 150. ఇంకా చిన్న కార్లను నడిపేవాళ్లకు ఈ అంకె తగ్గుతుంది, కానీ ఊహించి కాకుండా కాటా వేసి తెలుసుకోండి. ఈ 1,370 తెలియకపోయుంటే మూడో వారంలో తప్పు బండి కొనేసేవాడిని.

ఐరోపా నిబంధనల్లో 750 కేజీలు దాటిన ట్రైలర్‌కు సొంత బ్రేకులు తప్పనిసరి. మా ట్రైలర్‌కు ఓవర్‌రన్ బ్రేకు ఉంది. ముందు బండి వేగం తగ్గగానే ట్రైలర్ దాన్ని నెడుతుంది, ఆ నెట్టుడుకే ట్రైలర్ ముక్కున బండికి తగులుకునే కప్లర్ లోపలికి జరిగి ట్రైలర్ బ్రేకులు పడతాయి. దాన్ని విప్పి శుభ్రం చేసి గ్రీజు పెట్టాను.

రెండో వారం

చేతిలో ఉన్న డబ్బును మూడు వాటాలు చేశాను. రెండు వాటాలు బండికి, ఒకటి కొన్న తర్వాత పెట్టే ఖర్చుకు. ఈ మూడో వాటాను ముట్టుకోకూడదని గట్టిగా అనుకున్నాను. పాత బండికి టైర్లు, బ్రేకులు, కూలింగ్ పని ఎలాగూ వస్తుంది. ఆ డబ్బు కూడా బండికే పెట్టేస్తే, చేయించాల్సిన పనులు వదిలేసి అలాగే లోడు లాగుతాం.

మొదటి బండి పెద్ద పెట్రోల్ ఇంజన్, ఆటోమేటిక్. బయట నుంచి చూస్తే అద్దంలా ఉంది. "నిన్ననే సర్వీసు చేయించానండీ, స్టార్ట్ చేసి చూసుకోండి" అన్నారు అమ్మేవారు. బానెట్ మీద చెయ్యి పెడితే అప్పటికే వేడిగా ఉంది. చల్లటి ఇంజన్ మొదటి స్టార్ట్‌లో ఏ శబ్దం చేస్తుందో, ఎంత పొగ వదులుతుందో చూసే అవకాశం పోయింది. గేర్‌బాక్స్ డిప్‌స్టిక్ తీసి తెల్ల గుడ్డకు తుడిచాను. ఎర్రగా ఉండాల్సిన ఆయిల్ నల్లబడి, మాడిన వాసన వేసింది. ఆటోమేటిక్‌లో క్లచ్ బదులు ఆయిల్ ద్వారా శక్తిని అందించే టార్క్ కన్వర్టర్ జారుతున్నంతసేపూ వేడి పుడుతుంది, లోడుతో ఎత్తు ఎక్కుతుంటే ఇంకా ఎక్కువ. విడిగా ఆయిల్ కూలర్ లేకుండా బరువు లాగిన గేర్‌బాక్స్ ఆ వాసనతోనే సంగతి చెప్పేస్తుంది. నమస్కారం పెట్టి వచ్చేశాను.

మూడో వారం

రెండో బండి పికప్. రేటు నచ్చింది, ఇంజన్ చక్కగా ఉంది. కింద దూరి, వెనక కమాన్ పట్టీలు ఛాసిస్‌కు తగులుకునే చోట టార్చి వేసి చూశాను. మందంగా నల్ల రంగు పూసి ఉంది. మొత్తం ఛాసిస్‌లో అక్కడొక్కచోటే కొత్త రంగు. స్క్రూడ్రైవర్ మొనతో నొక్కితే పెచ్చు ఊడి, మొన లోపలికి దిగింది. బయటికి తీస్తే ఎర్రటి తుప్పు పొడి రాలింది. అమ్మే ఆయన కూడా వంగి చూసి, "అది నాకు తెలియదండీ" అన్నారు. నిజంగానే తెలియదనిపించింది. ట్రైలర్‌ను తగిలించే కొక్కెం, అంటే హిచ్, దాని బోల్టులు బిగించేది సరిగ్గా ఆ భాగానికే. లాగే బలం మొత్తం అక్కడే పడుతుంది.

ఛాసిస్‌ను చిన్న సుత్తితో తట్టుకుంటూ పోతే గట్టిగా ఉన్నచోట ఖంగుమంటుంది, తుప్పు తిన్నచోట శబ్దం చచ్చిపోతుంది. ఐదు నిమిషాల పని. ఆ తర్వాత ఏ బండి చూసినా ముందు కిందికే దూరాను, బానెట్ ఎత్తడం ఆ తర్వాతే.

మూడోది ఫ్రంట్ వీల్ డ్రైవ్ స్టేషన్ వ్యాగన్. దాన్ని వదులుకోవడానికి మనసు రాలేదు. ఒక్క చేతి మీద నడిచింది, సర్వీసు పుస్తకం నిండా స్టాంపులు. కానీ పుస్తకంలో రాసింది బ్రేకులున్న ట్రైలర్‌కు 1,300 కేజీలు, హిచ్ బాల్ (కప్లర్ కూర్చునే ఇనుప గుండు) మీద గరిష్ఠంగా 75 కేజీలు. మాకు కావాల్సింది 1,370, బాల్ మీద 120 దాకా. "డెబ్బై కేజీలే కదరా ఎక్కువ, ఎవరు చూస్తారు?" అన్నాడు నా స్నేహితుడు. నాకు ఒప్పలేదు. 1,300 అన్నది ఆ బండి లాగగలిగే హద్దు. రోజూ హద్దు దాకా పనిచేయించే బండి ఎక్కువ కాలం రాదు. పైగా ప్రమాదం జరిగితే బీమా వాళ్లు మొదట అడిగేది ఆ అంకెనే.

బాల్ మీద బరువు గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది చూడకుండా వదిలేసేది దీన్నే. వెనక ఇరుసు నుంచి బాల్ 1.2 మీటర్ల దూరంలో ఉంది, వీల్‌బేస్ (ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం) 2.7 మీటర్లు అనుకుందాం. బాల్ మీద 120 కేజీలు పెడితే, తూగుడుబల్లలాగా ముందు చక్రాల మీద నుంచి 53 కేజీలు పైకి లేస్తాయి. వెనక ఇరుసు మీద పడేది 120 కాదు, 173. ముందు చక్రాలతో లాగే బండికి సరిగ్గా పట్టు కావాల్సిన చోటే బరువు తగ్గుతుంది. తడి గడ్డి ఉన్న పాడాక్‌లో (ట్రాక్ దగ్గర బండ్లు నిలిపే చోటు) నుంచి బయటికి రావాలంటే తెలుస్తుంది ఆ తేడా. అందుకే పొడుగు వీల్‌బేస్, పొట్టి వెనక భాగం, వెనక చక్రాల డ్రైవ్ ఉన్న బండి కోసం చూశాను. హార్స్‌పవర్ ఎంత అని అడగడం మానేశాను. మెల్లగా ఎక్కినా పర్వాలేదు, వేడెక్కకుండా ఎక్కాలి, దిగేటప్పుడు ఆగాలి.

నాలుగో వారం ఒక్క బండీ చూడలేదు.

ఐదో వారం

దొరికింది. 16 ఏళ్ల డీజిల్ ఎస్‌యూవీ, విడి ఛాసిస్, మాన్యువల్ గేర్‌బాక్స్, 2,34,000 కిలోమీటర్లు. ఎడమ డోరుకు సొట్ట, బానెట్ మీద రంగు పొట్టు లేచింది, ఏసీ పనిచేయదు. దాని రేటు తగ్గించిన లోపాల్లో లాగడానికి అడ్డొచ్చేది ఒక్కటీ లేదు. సెకండ్ హ్యాండ్‌లో ఇలాంటి బండి కోసమే వెతకాలి, జనం వద్దనుకునే కారణాలు మనకు అక్కర్లేనివై ఉండాలి.

చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేసి చూపించమని ముందురోజే ఫోన్‌లో అడిగాను. "పొద్దున్నే రండి బాబూ, మీరు వచ్చేదాకా తాళం తిప్పను" అన్నారు పెద్దాయన. అన్నట్టే ఉంచారు. రెండు సెకన్లకు అందుకుంది, కాస్త పొగ వదిలి సర్దుకుంది. కూలెంట్ శుభ్రంగా ఉంది, పైన నూనె తెట్టు లేదు. ఆయిల్ మూత అడుగున లేత గోధుమరంగు జిగురు లేదు. ఆ జిగురు ఉంటే కూలెంట్ ఆయిల్‌లో కలుస్తోందేమో అని అనుమానించాలి. ఎత్తు మీద నాలుగో గేర్‌లో ఉంచి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కాను. ఆర్‌పీఎం మాత్రమే పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేట్ జారుతున్నట్టు. దీనికి రెండూ కలిసే పెరిగాయి. అదే ఎత్తు మీద హ్యాండ్‌బ్రేక్ పట్టింది.

డోరు దగ్గర ప్లేటు చూశాను. చాలా బండ్లకు దాని మీద నాలుగు అంకెలుంటాయి. మొదటిది నిండు లోడుతో బండి బరువు, రెండోది బండీ ట్రైలరూ కలిపి ఉండగల బరువు, తర్వాతి రెండు ఇరుసులవి. దీనికి మొదటిది 2,600, రెండోది 4,900. తేడా 2,300. ప్రకటనలో 2,500 లాగుతుందని రాసినా, బండి నిండా సామానుంటే లెక్కకొచ్చేది ఈ తేడానే. మా 1,370కి ఇది ధారాళంగా సరిపోతుంది. కొనేశాను.

ఆరు, ఏడు వారాలు

మూడో వాటా డబ్బు ఇక్కడ పనికొచ్చింది. రేడియేటర్ గొట్టాలు, థర్మోస్టాట్, ఫ్యాన్ బెల్టు మార్చాను. బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ చేరినకొద్దీ తక్కువ వేడికే మరుగుతుంది, అప్పుడు పొడుగాటి దిగుడులో పెడల్ మెత్తబడుతుంది. అందుకే పాతది పూర్తిగా తోడేసి కొత్తది పోశాను. డిఫరెన్షియల్ ఆయిల్ కూడా.

వెనక టైర్ల గాడులు ఇంకా లోతుగానే ఉన్నాయి, పక్కల మాత్రం సన్నటి పగుళ్లు. టైరు పక్కన చివరి నాలుగు అంకెలు 3114, అంటే 2014లో 31వ వారంలో తయారైంది. నాలుగూ మార్చేశాను, లోడ్ ఇండెక్స్ (టైరు ఎంత బరువు మోయగలదో చెప్పే అంకె) చూసుకుని.

ఎక్కువ సమయం తిన్నది వైరింగ్. హిచ్ పాతదే ఉంది, సాకెట్ కూడా ఉంది. ట్రైలర్ తగిలించి ఇండికేటర్ వేస్తే బ్రేక్ లైటు కూడా దాంతోపాటే మసగ్గా మిణుకుమంది. ఒక లైటు వేస్తే ఇంకోటి స్పందిస్తే ముందు ఎర్త్‌నే అనుమానించాలి. సాకెట్ విప్పితే తెల్ల వైరు చివర పచ్చగా చిలుము పట్టి, రెండు పోగుల మీద వేలాడుతోంది. బాగున్న రాగి కనిపించేదాకా వైరు కోసి, కొత్త లగ్ వేసి, ఛాసిస్ మీద రంగు గీకి మెరిసే ఇనుముకు బోల్టు బిగించాను. పైన గ్రీజు. ఒక్కసారిగా అన్ని లైట్లూ ఎవరి పని వాళ్లు చేసుకున్నాయి.

హిచ్ బాల్ కూడా కొలవండి. 50 మిల్లీమీటర్ల బాల్, 2 అంగుళాల బాల్ చూడ్డానికి ఒకటే, కానీ రెండోది 50.8. చిన్న బాల్ మీద పెద్ద కప్లర్ వదులుగా కూర్చుంటుంది. బాల్ సైజు కప్లర్ మీద పోత పోసి ఉంటుంది, మాది 50.

ఎనిమిదో వారం

ఖాళీ ట్రైలర్‌తో ఒక రౌండు, ఇబ్బంది లేదు. తర్వాత కారు ఎక్కించి బయల్దేరాం. 70 దాటగానే ట్రైలర్ తోక ఊపడం మొదలైంది. మొదట స్టీరింగ్‌లో చిన్న జలదరింపులా వచ్చింది, తర్వాత అద్దంలో ట్రైలర్ అటూ ఇటూ కనిపించింది. చాలా టెన్షన్ పడ్డాను. బ్రేకు కొట్టకుండా, స్టీరింగ్ కదపకుండా, యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసేశాను. 50కి వచ్చేసరికి సద్దుమణిగింది.

ఇంటికొచ్చి బాల్ బరువు తూచాను. ఇంట్లో ఒళ్లు చూసుకునే తూకం మెషిన్ మీద నేరుగా పెడితే అది తట్టుకోకపోవచ్చు, అందుకని మందపాటి చెక్క వాడాం. చెక్క ఒక కొస ఇటుక మీద పెట్టిన పైపు మీద, రెండో కొస మెషిన్ మీద. పైపు నుంచి మెషిన్‌కు 90 సెంటీమీటర్లు, కప్లర్ ఆనేది పైపు నుంచి 30 దగ్గర. అప్పుడు మెషిన్ మూడో వంతే చూపిస్తుంది. చెక్క బరువు ముందే చూసి తీసేసుకోవాలి, ట్రైలర్ చదునుగా ఉండాలి, చక్రాలకు దిమ్మలు పెట్టాలి. 21 చూపించింది, అంటే 63 కేజీలే. మొత్తం బరువులో ఐదు శాతం కూడా లేదు. కారు బాగా వెనక్కి ఎక్కించాం, బాల్ మీద బరువు చాలకే ట్రైలర్ తోక ఊపింది.

కారును 25 సెంటీమీటర్లు ముందుకు జరిపాం. 790 కేజీలను పావు మీటరు జరిపి, బాల్ నుంచి ట్రైలర్ ఇరుసుల మధ్యకు ఉన్న 3.4 మీటర్లతో భాగిస్తే 58 పెరగాలి. మళ్లీ తూస్తే 40, అంటే 120. చాక్‌పీసుతో ట్రైలర్ పలకల మీద ముందు టైర్ల చోటు గీసి, మర్నాడు దాని మీదే పెయింట్‌తో గీత వేశాను.

తొమ్మిదో వారం

ట్రాక్‌కు మొదటి ప్రయాణం. 80 మీద వెళ్లాం, ట్రైలర్ గీసిన గీతలా వెంట వచ్చింది. 110 మీద వెళ్తే ఆపాల్సిన శక్తి 90 మీద కన్నా దాదాపు ఒకటిన్నర రెట్లు ఉంటుంది, అందుకని తొందరపడలేదు. పొడుగాటి ఎత్తు మీద టెంపరేచర్ ముల్లు కదల్లేదు, నేను మాత్రం దాని మీద నుంచి కళ్లు తిప్పలేదు. మామూలుగా లీటరుకు 11 ఇచ్చే బండి లోడుతో 8 ఇచ్చింది.

సగం దారిలో ఆగి, ట్రైలర్ హబ్‌లు నాలుగూ చేత్తో తాకి చూశాను. మూడు గోరువెచ్చగా ఉన్నాయి. ఎడమ వెనకది చెయ్యి పెట్టనివ్వలేదు. చల్లారాక చక్రం లేపి తిప్పితే గరగర శబ్దం. బ్రేకు రాసుకోవడం వల్ల వచ్చిన వేడి కాదు, బేరింగ్ పోయింది. గ్రీజు కూరి, 50 దాటకుండా ట్రాక్ చేరాం. కారు మధ్యాహ్నం సెషన్‌లో దిగింది. తిరుగు ప్రయాణానికి అక్కడే ఒకరి దగ్గర అదే సైజు బేరింగ్ దొరికింది. మిగతా మూడింటికి ఈ ఆదివారం కొత్తవి వేస్తున్నాను, నాలుగు సీల్స్ కూడా తెప్పించాను.