గంజిలో బెటాడిన్ చుక్క, బయాలజీలో 338

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, నీట్ రిజల్ట్ వచ్చి రెండు రోజులైంది, ఇంకా నిద్ర పట్టడం లేదు. బయాలజీలో 360కి 338 వచ్చాయి. కిందటేడు 254.

మొదటిసారి బయోమాలిక్యూల్స్ (జీవుల్లో ఉండే అణువుల పాఠం) అంతా బట్టీ పట్టాను. స్టార్చ్‌లో (పిండిపదార్థం) గ్లూకోజ్‌లని కలిపే బంధం ఆల్ఫా, సెల్యులోజ్‌లో (మొక్కల పీచు) బీటా, అయోడిన్‌తో ఒకటి నీలం, రెండోదానికి రంగు రాదు. గ్రాండ్ టెస్టులో కాస్త తిప్పి అడిగితే చాలు, రెండూ గ్లూకోజ్ గొలుసులే కదా అని తడబడేదాన్ని. నాలుగు రాకపోగా ఒకటి పోయేది.

లాంగ్‌టర్మ్ కోచింగ్‌కి డబ్బుల్లేక అమలాపురం దగ్గర మా ఊళ్లోనే ఉండిపోయాను. ఒకరోజు కొబ్బరికాయలు ఒలుస్తూ నాన్న చేయి కోసుకున్నారు. కట్టు కడుతున్నాను, పక్కనే అమ్మ అన్నం వారుస్తోంది. బెటాడిన్‌లో ఉండేది అయోడినే కదా, ఎందుకో ఒక చుక్క గంజిలో వేశాను. పొగలు కక్కే గంజిలో రంగు నిలవలేదు. గిన్నె చల్లారాక ఇంకో చుక్క వేస్తే, సిరా ఒలికినట్టు నల్లటి నీలం! నాన్న కట్టులోని దూది మీద మాత్రం అదే మందు గోధుమరంగుగానే ఉంది. దూది అంటే సెల్యులోజే.

పుస్తకం తీసి ఆ పేజీ మళ్లీ చదివాను. స్టార్చ్ గొలుసు స్ప్రింగులా చుట్టుకుంటుంది, అయోడిన్ ఆ చుట్టలో ఇరుక్కుంటేనే నీలం. వేడికి ఆ పట్టు వదులుతుంది. సెల్యులోజ్ గొలుసు తిన్నగా సాగుతుంది, అయోడిన్‌కి చోటే లేదు. బంధం ఆల్ఫా అయితే అన్నం, బీటా అయితే దూది! ఆ రాత్రి ఏడ్చాను, సంతోషంతో.

ఆ తర్వాత ప్రతి లైనునీ ఎందుకని అడిగాను. లిపిడ్లు (కొవ్వులు) అణుభారం 800 దాటని చిన్న అణువులే, అయినా కణజాలాన్ని ఆసిడ్‌లో నూరితే కరగని భాగంలో ఎందుకు ఉంటాయి? కణాల పొరలు తెగి వెసికిల్స్‌గా, అంటే నీళ్లలో కరగని చిన్న బుడగలుగా, మారతాయి కనుక. ఫిజిక్స్ పాత పేపర్లతో, కెమిస్ట్రీ ఎన్‌సీఈఆర్‌టీతో లాగించాను.

ఏడాది పాడుచేసుకుంటోందన్నారు చుట్టాలు. నేను ఖాళీగా కూర్చోలేదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు మెట్రిక్ మూడోసారికి గట్టెక్కారు. మనం చదివే ఏటీపీని (కణాలకి శక్తినిచ్చే అణువు) కండరాల్లో కనిపెట్టినవాళ్లలో ఆయనొకరు. ఏడాది ఆగితే చదువు ఆగిపోదు. ఫోన్ మాత్రం పక్కన పెట్టండి, నాలుగింటికి లేవండి. దానికి వేరే దారి లేదు.

అన్నట్టు, ఆ గంజిని అమ్మ కుడితిలో పోయనివ్వలేదు. పారబోసేముందు నిమ్మచెక్క పిండాను, నీలం విరిగిపోయింది. విటమిన్ సి అయోడిన్‌ని అయోడైడ్‌గా మార్చేస్తుంది. రెడాక్స్ (ఎలక్ట్రాన్లు చేతులు మారే చర్యలు) దగ్గర ఆగిపోయినవాళ్లు ఇదీ ఇంట్లో చేసి చూడండి.