థియరీ పీహెచ్‌డీ ఇంటర్వ్యూకి శ్రీకాకుళంలో ఉండి ఎలా ప్రిపేర్ అయ్యానంటే

ఫ్రెండ్స్, థియరిటికల్ కంప్యూటర్ సైన్స్‌లో (అంటే కంప్యూటింగ్ వెనకున్న గణితంలో) పీహెచ్‌డీ చేయాలని మనసులో ఉన్న మన శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. సీఎస్ఈ అయ్యాక ఇక్కడ ఎవరినడిగినా సాఫ్ట్‌వేర్ ఉద్యోగమో, గ్రూప్సో, బ్యాంకు కోచింగో అంటారు, రీసెర్చ్ మాట ఎత్తేవాళ్ళే తక్కువ.

పరీక్షలు మీకు తెలిసే ఉంటాయి. టీఐఎఫ్‌ఆర్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్) వాళ్ళ జీఎస్, గేట్, రీసెర్చ్ సంస్థల ఉమ్మడి పరీక్ష జెస్ట్, చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ సొంత ఎంట్రన్స్. వీటన్నిటికీ డిస్క్రీట్ మ్యాథ్స్, అల్గారిథమ్స్, ఆటోమాటా (కంప్యూటర్‌కి గణిత నమూనాలు) గట్టిగా రావాలి. గేట్ గురించి ఒక్కటే చెప్తాను, నంబరు టైప్ చేసే ప్రశ్నలకీ ఎంఎస్‌క్యూలకీ (ఒకటి కంటే ఎక్కువ ఆప్షన్లు సరైనవి కాగల ప్రశ్నలకీ) నెగటివ్ మార్కులు లేవు, ఖాళీగా వదలకండి.

అసలు విషయం ఏంటంటే, ర్యాంకు మనల్ని ఇంటర్వ్యూ గది దాకా మాత్రమే తీసుకెళ్తుంది. లోపల అడిగేది ప్రూఫ్. అందుకే మొదటి నెల నుంచే ఆప్షన్ టిక్ పెట్టి వదిలేయకుండా, ఆ జవాబు ఎందుకు నిజమో కాగితం మీద పూర్తిగా రాయడం మొదలుపెట్టండి. ఉదాహరణకి, గ్రాఫ్ అంటే కొన్ని చుక్కలు (వెర్టెక్సులు), వాటిని కలిపే గీతలు; ఒక చుక్కకి ఎన్ని గీతలుంటే అది దాని డిగ్రీ. రెండో అంతకంటే ఎక్కువో వెర్టెక్సులున్న ఏ సింపుల్ గ్రాఫ్‌లోనైనా (ఏ రెండు చుక్కల మధ్యా ఒకటికి మించి గీత లేని, తనకి తానే కలవని గ్రాఫ్‌లో) ఒకే డిగ్రీ ఉన్నవి కనీసం రెండుంటాయి. n వెర్టెక్సులుంటే డిగ్రీ 0 నుంచి n-1 దాకా ఏదైనా కావచ్చు, కానీ 0, n-1 రెండూ ఒకే గ్రాఫ్‌లో ఉండలేవు, ఎందుకంటే అందరితో కలిసినది ఉంటే ఎవరితోనూ కలవనిది ఉండదు కదా. అంటే మిగిలేవి n-1 విలువలే, వెర్టెక్సులు n, అయిపోయింది. అక్కడితో ఆపకండి, గ్రాఫ్ అనంతమైతే ఏమవుతుందో మిమ్మల్ని మీరే ప్రశ్నించుకోండి. అప్పుడు ఈ మాట నిలవదు, డిగ్రీలన్నీ వేరువేరుగా ఉండే గ్రాఫ్ కట్టొచ్చు, ప్రయత్నించి చూడండి. ఇంటర్వ్యూలో సరిగ్గా ఇలాగే ఒక షరతు తీసేసి మళ్ళీ అడుగుతారు.

నాకు బాగా పనికొచ్చింది విజయనగరంలో ఉన్న ఫ్రెండ్. రాత్రి భోజనాలయ్యాక ఫోన్‌లో నేనో ప్రూఫ్ చెప్పేవాణ్ణి, వాడు ప్రతి లైనుకీ "ఎందుకురా?" అనేవాడు. ఒక లాంగ్వేజ్ రెగ్యులర్ కాదని చూపడానికి వాడే పంపింగ్ లెమ్మాని మనలో చాలామంది బట్టీ పడతాం, కానీ ఏ విలువ మనం ఎంచుకోవాలి, ఏది అవతలివాళ్ళ చేతిలో ఉంటుంది అని అడిగితే తడబడతాం, అలాంటివన్నీ ఆ ఫోన్లలోనే తేలిపోయాయి. పాఠాలకి ఎన్‌పీటెల్ (ఐఐటీల ఆన్‌లైన్ వీడియో పాఠాలు) ఉంది, డబ్బు కట్టక్కర్లేదు.

ఇంగ్లీషు గురించి టెన్షన్ పడకండి, మాట తడబడినా వాదన సరిగ్గా ఉంటే వింటారు. ఇష్టమైన సబ్జెక్ట్ ఏదని అడిగితే నిజంగా లోతుగా చదివిందే చెప్పండి. ఇరుక్కుంటే నోరు మూసుకుని నిలబడకుండా చిన్న కేసులు వేసి చూపించండి, వాళ్ళే హింట్ ఇస్తారు.

మన దేశంలో థియరీ రీసెర్చ్ పెద్ద స్థాయిలోనే జరుగుతోంది. ఒక సంఖ్య ప్రైమా కాదా అని పాలినామియల్ టైమ్‌లో (సంఖ్యలో అంకెలు పెరిగినా సమయం అదుపు తప్పకుండా) తేల్చే అల్గారిథమ్‌ని 2002లో ఐఐటీ కాన్పూర్‌లో మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయల్, నితిన్ సక్సేనా ఇచ్చారు. వాళ్ళలో చివరి ఇద్దరూ అప్పుడే బీటెక్ పూర్తిచేసినవాళ్ళు.

ఇంట్లో డబ్బు సంగతి ముందే మాట్లాడండి. 2023 నుంచి జేఆర్‌ఎఫ్ (పీహెచ్‌డీ మొదట్లో ఇచ్చే ఫెలోషిప్) నెలకి 37,000 రూపాయలు, తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ ఫెలోషిప్) 42,000, హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) వేరు. చదువు ఐదారేళ్ళు, ఆపైన పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత చేసే తాత్కాలిక రీసెర్చ్ ఉద్యోగం), ఫ్యాకల్టీ పోస్టులు తక్కువ. అమ్మానాన్నలకి ఈ లెక్కంతా చెప్పి, వాళ్ళు ఒప్పుకున్నాకే అప్లికేషన్ పెట్టండి.