మెట్ల మీది పలకరింపు

పోయిన ఫిబ్రవరిలో ఒక సాయంత్రం చేతిలో కూరగాయల సంచితో, చెవి దగ్గర ఫోనుతో, ఫోనులో అమ్మ గొంతు వింటూ మా అపార్ట్‌మెంటు మెట్లెక్కుతుంటే, రెండో అంతస్తులో ఉండే పెద్దావిడ నా దారికి అడ్డంగా నిలబడింది. డెబ్బై దాటిన మనిషి, తలకు ఉన్ని టోపీ, చేతిలో కర్ర. "ప్రోషె పానా," అని మొదలుపెట్టింది. మన "ఏమండీ" లాంటిదే ఆ మాట, కానీ ఆవిడ నోట పంతులమ్మ బెత్తంలా వినపడింది. "మీరు ఏడాదికి పైగా ఈ మెట్లు ఎక్కి దిగుతున్నారు. ఒక్కనాడూ నాకు జెన్ దోబ్రి చెప్పలేదు. మీ దేశంలో పెద్దవాళ్ళను పలకరించే అలవాటు లేదా?" నా పోలిష్ అంతంత మాత్రమే అయినా ఆ చివరి ప్రశ్న మాత్రం పొల్లుపోకుండా అర్థమైంది. ఫోనులో అమ్మ "ఎవర్రా, ఏమంటోంది?" అని అడుగుతోంది. చెత్తబుట్టల గురించి ఏదో చెబుతోందని అబద్ధమాడాను. పెద్దవాళ్ళకు మర్యాద ఇవ్వనందుకు పరాయి దేశంలో తిట్లు తిన్నానని ఖమ్మంలో కూర్చున్న అమ్మకు ఏ ముఖం పెట్టుకుని చెప్పను?

ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. పోలండ్ వాళ్ళు ముఖం ముడుచుకుని ఉంటారనీ, నవ్వరనీ, ఎదురుపడినా పట్టించుకోరనీ ఆ ఏడాదిలో పదిమందికి చెప్పినవాణ్ణి నేనే. వ్రోత్స్వావ్ నగరంలో ఒక కంపెనీ అకౌంట్స్ విభాగంలో ఉద్యోగం వచ్చిందని తెలిసిన రోజునే లండన్‌లో ఉండే మా బాబాయి కొడుకు నాకు ఈ పాఠం చెప్పి పంపించాడు: "మా ఇంటి నల్లాలు బాగుచేసేది పోలిష్‌వాడే అన్నా, మహా పనిమంతుడు, కానీ గంటసేపు పనిచేసినా ఒక్క మాట మాట్లాడడు." అప్పటికే పోలండ్‌లో పనిచేసి వచ్చిన ఇంకొకాయన చలి గురించీ, తాగుడు గురించీ, ఆఫీసుల్లో నిక్కచ్చితనం గురించీ హెచ్చరించాడు. నేను ఈ మాటలన్నీ పెట్టెలో పచ్చడి సీసాల పక్కనే సర్దుకుని వచ్చాను. వచ్చాక, మెట్ల మీద ఎదురైన ప్రతి బిగుసుకున్న ముఖాన్నీ వాటికి సాక్ష్యంగా చూస్తూ వచ్చాను. ఆ ముఖం నా పలకరింపు కోసం ఎదురుచూస్తోందేమోనన్న అనుమానం నాకు ఒక్కసారీ రాలేదు.

నా తరఫు వాదన కూడా కొంత చెప్పుకోవాలి. మన దగ్గర తెలియని మనిషి ఎదురైతే ఒక మాట అప్పజెప్పే పద్ధతి ఎక్కడుంది? తెలిసినవాళ్ళయితే "ఎటు పోతున్నరు", "తిన్నరా" అంటాం, సగం తెలిసినవాళ్ళయితే తల ఊపుతాం లేదా కనుబొమలు ఎగరేస్తాం, అసలు తెలియకపోతే చూసీ చూడనట్టు పోతాం. అందులో అమర్యాద ఉందని ఎవరూ అనుకోరు. ఇక్కడ లెక్క వేరని ఆవిడ తిట్టిన తర్వాతే గమనించడం మొదలుపెట్టాను. లిఫ్టులోకి అడుగుపెట్టినవాళ్ళు అందులో ఉన్న మొత్తం జనానికి జెన్ దోబ్రి చెబుతారు, దిగేటప్పుడు సెలవు చెబుతారు. ఆసుపత్రి వరండాలో డాక్టరు కోసం వేచి ఉన్నవాళ్ళ దగ్గరికి కొత్త మనిషి వస్తే ముందు అందరికీ కలిపి నమస్కారం చెప్పి, "చివర ఎవరు?" అని అడిగి, ఆ చివరి మనిషి వెనక తన వంతు ఖాయం చేసుకుంటాడు. ఇవన్నీ నవ్వు లేకుండానే, కొన్నిసార్లు తల కూడా ఎత్తకుండానే జరిగిపోతాయి. నేను నవ్వు కోసం వెతికాను గనుక మాట నా చెవిన పడలేదు.

పోలిష్ భాషలో పరిచయం లేని మనిషిని "నువ్వు" అనరు. మగవాళ్ళను పాన్ అనీ, ఆడవాళ్ళను పానీ అనీ సంబోధిస్తారు, అవి దాదాపు మన "గారు", "మీరు" కలిసిన మాటలు. కొన్నాళ్ళ పరిచయం తర్వాత పెద్దవాళ్ళో, ఆడవాళ్ళో చొరవ తీసుకుని "ఇకనుంచి పేరు పెట్టి పిలుచుకుందాం" అంటేనే ఆ గోడ దిగుతుంది. ఇంగ్లిషులో అందరికీ ఒకే "యూ"తో పని గడిపిన పర్యాటకుడికి ఈ గోడ ఒట్టి చన్నీళ్ళలా తగులుతుంది. తాతను "మీరు" అనీ, అమ్మను "నువ్వు" అనీ, మేనత్త భర్తను "మీరు" అనీ పిలుస్తూ పెరిగిన నాకు అది ముందే తట్టి ఉండాల్సింది.

ఇంతకీ ఈ ముద్రలు వేసినవాళ్ళెవరు? జర్మన్ భాషలో "పోలిష్ నిర్వాకం" అనే పాత నుడికారం ఉంది, అస్తవ్యస్తానికి పర్యాయపదం. మన "నిర్వాకం"లో ఉన్న వెటకారం అంతా అందులోనూ ఉంది. ఫ్రెంచివాళ్ళకు "పోలండ్ వాడిలా తాగాడు" అనే మాట ఉంది. అమెరికాలో ఒకప్పుడు పోలిష్ వలసదారుల తెలివితక్కువతనం మీద జోకులు కోకొల్లలు. కొపర్నికస్ పుట్టిన, మరియా స్క్వొదోఫ్స్కా క్యూరీ పుట్టిన దేశం మీద, 1932 చివర్లో జర్మన్ల ఎనిగ్మా రహస్య లిపిని లెక్కలతో ఛేదించిన మరియన్ రెయెఫ్‌స్కీ దేశం మీద. 2004 మే 1న పోలండ్ యూరోపియన్ యూనియన్‌లో చేరి, లక్షల మంది బ్రిటన్‌కూ ఐర్లండ్‌కూ పనికి వెళ్ళాక ఫిర్యాదు తిరగబడింది: ఇప్పుడు వీళ్ళు మరీ ఎక్కువ పనిచేస్తున్నారట, తక్కువ కూలికి ఒప్పుకుని స్థానికుల పొట్ట కొడుతున్నారట. 2005లో ఫ్రాన్సులో యూరోపియన్ రాజ్యాంగం మీద ప్రజాభిప్రాయ సేకరణ జరిగినప్పుడు "పోలిష్ ప్లంబర్" ఒక బూచి అయ్యాడు. దానికి పోలండ్ పర్యాటక శాఖ ఇచ్చిన జవాబు నాకు భలే నచ్చింది: పనిముట్లు పట్టుకున్న ఒక అందగాడి ఫోటో వేసి, నేను పోలండ్‌లోనే ఉంటున్నాను, మీరే తరలిరండి అని ఫ్రెంచిలో పోస్టరు వేసింది. బద్ధకస్తులూ వాళ్ళే, పనులన్నీ లాక్కునేవాళ్ళూ వాళ్ళే. ఉత్తరాదిలో మద్రాసీ అనే వెక్కిరింపునూ, అదే నోటితో ఐటీ ఉద్యోగాలన్నీ మీరే కొట్టేశారనే దెప్పిపొడుపునూ విన్న నాకు ఈ తర్కం కొత్త కాదు.

తాగుడు సంగతి క్లుప్తంగా చెబుతాను. రాత్రంతా తెరిచి ఉండే మందు దుకాణాలు ఈ దేశంలో ఉన్నాయి, శుక్రవారం రాత్రి ట్రాములో తూలేవాళ్ళూ ఉన్నారు. మా ఊరి బస్టాండు పక్కన వైన్ షాపు ముందు సాయంత్రం ఏడు గంటల దృశ్యం తెలిసినవాణ్ణి కాబట్టి ఈ విషయంలో నాకు తీర్పు చెప్పే అర్హత లేదు.

నన్ను నిజంగా తికమక పెట్టింది, ఇప్పటికీ కొంత విసిగించేది, వాళ్ళ సణుగుడు. ఆఫీసులో నా పక్క సీటు ఆవిడను మొదటి సోమవారం "ఎలా ఉన్నారు?" అని అడిగితే, "స్తారా బ్యేదా" అంది. అంటే "అదే పాత దరిద్రం" అని. పోలిష్ బ్యేదాకూ మన బీదకూ ఏ చుట్టరికమూ ఉండి ఉండదని తెలిసినా, ఆ మాట వినగానే నాకు ఇంటి మనిషి కనిపించినట్టయింది. తర్వాత ఆవిడ నిజంగానే నా ప్రశ్నకు జవాబు చెప్పింది: నడుము నొప్పి, కొడుకు లెక్కల మార్కులు, వెన్న ధర, ట్రాము పట్టాల మరమ్మతు. ఇంత చెప్పి, ఇంత నిక్కచ్చిగా, మళ్ళీ మంగళవారం నేను అడిగినప్పుడు కొత్త జాబితాతో సిద్ధంగా ఉంది. మన దగ్గర ఇల్లు కాలిపోతున్నా "బాగున్నాం, మీ దయ" అంటాం. ఇక్కడ అలా అంటే ఈయనేదో దాస్తున్నాడని అనుమానిస్తారు.

దీనికి చరిత్రను కారణంగా చూపేవాళ్ళున్నారు. ప్రష్యా, ఆస్ట్రియా, రష్యా మూడూ కలిసి పంచుకోవడంతో 1795 నుంచి 1918 దాకా 123 ఏళ్ళు పటంలో పోలండ్ అనే దేశమే లేదు. తర్వాత రెండో ప్రపంచ యుద్ధం, తర్వాత కమ్యూనిస్టు పాలన, 1981 డిసెంబరు 13న సైనిక శాసనం, మాంసానికి కూపన్లు, దేనికైనా క్యూలు. ఇన్ని పడ్డవాళ్ళు నవ్వుతూ ఎలా ఉంటారు అంటారు. ఈ వివరణ నాకు పూర్తిగా మింగుడుపడదు. కరువులూ, నిజాం కాలపు వెట్టీ, రేషన్ షాపు క్యూలూ మనకూ తక్కువేం కాదు, అయినా మనం "బాగున్నాం" అంటూనే ఉన్నాం. పైగా ఈ నవ్వని జనమే ఈ ఊళ్ళోనే చేసిన పని చూడండి. సైనిక శాసనం రోజుల్లో గోడల మీద ప్రభుత్వ వ్యతిరేక నినాదాలు రాస్తే అధికారులు వాటి మీద సున్నం కొట్టేవారు. వాల్దెమార్ ఫిద్రిఖ్ అనే ఆయన, ఆయన మిత్రులూ ఆ సున్నపు మరకల మీద టోపీ పెట్టుకున్న మరుగుజ్జు బొమ్మలు గీశారు. 1988 జూన్ 1న ష్విద్నిత్స్కా వీధిలో జనం గుంపులు గుంపులుగా నారింజ రంగు మరుగుజ్జు టోపీలు పెట్టుకుని ఊరేగారు. టోపీ పెట్టుకున్నందుకు మనిషిని అరెస్టు చేస్తే పోలీసే నవ్వులపాలవుతాడు కదా. ఇప్పుడు ఊరంతా కాళ్ళ దగ్గర కనిపించే ఆ కంచు మరుగుజ్జులను పిల్లలు వెతుక్కుంటూ తిరుగుతుంటారు. నేను వాటిని ఏడాది పాటు పర్యాటకుల కోసం పెట్టిన బొమ్మలనే అనుకున్నాను.

ఈ సణుగుడు దుఃఖం కాకపోవచ్చునని నాకు మొదట తట్టింది పక్క సీటు ఆవిడ వల్లనే. ఒకసారి మా ఇంట్లో వాషింగ్ మెషీన్ పాడైందని చెబితే, ఆవిడ తన మెషీన్ ఎలా పాడైందో మొదలుపెట్టింది: "మూడు సంవత్సరాలు మన్నాల్సింది, 2022లో ఐదు నెలలకే అరిగిపోయింది, రోజూ రెండు విడతలు వేస్తే అరగక ఏమవుతుంది?" రోజూ రెండు విడతలు ఎందుకని అడిగాను. అప్పుడు తెలిసింది, ఆ ఏడాది ఫిబ్రవరి చివర్లో యుద్ధం మొదలై ఉక్రెయిన్ నుంచి జనం సరిహద్దు దాటి వస్తున్నప్పుడు, ముఖపరిచయం లేని ఒక తల్లినీ ఇద్దరు పిల్లలనూ ఆవిడ తన రెండు గదుల ఇంట్లో ఐదు నెలలు ఉంచుకుందని. అది చెప్పాలని చెప్పలేదు. ఆవిడ బాధంతా మెషీన్ గురించే. ఆ రోజుల్లోనే మెదికా దగ్గర సరిహద్దు దాటిన మన మెడిసిన్ విద్యార్థుల్లో మా దూరపు బంధువుల అమ్మాయి కూడా ఉంది. జెషూవ్‌లో విమానం ఎక్కేదాకా ఒక బడి వ్యాయామశాలలో పడుకుందనీ, ఎవరో ముసలాయన వేడి సూపు పట్టుకొచ్చి, తాగేదాకా ఎదురుగా కోపంగా నిలబడ్డాడనీ ఇంట్లో ఇప్పటికీ చెబుతారు. కోపంగా అన్నది ఆ పిల్ల మాటే.

అందరూ మంచివాళ్ళేనని రాయడానికి కలం ఒప్పుకోదు. ట్రాములో ఒక కుర్రాడు నన్ను మీ దేశం పో అన్నాడు, చుట్టూ ఉన్నవాళ్ళు కిటికీలోంచి బయటికి చూశారు. అది మర్చిపోలేదు. మన మీద వాళ్ళకున్న ముద్రలూ తక్కువేమీ కాదు. ఈ భాషలో భారతీయుడికి మాటే "హిందూస్", కాబట్టి మా టీములో ఉన్న పాతబస్తీ ముస్లిం కుర్రాడు కూడా హిందూసే. హిందూస్ దేనికైనా సరే అంటాడు, గడువుకు మాత్రం ఇవ్వడు అన్నది ఆఫీసులో మా గురించి ఉన్న ప్రతీతి. అది అన్యాయమని అనాలని ఉంది, కానీ పోయిన నెల నేను తల ఊపి ఒప్పుకున్న మూడు పనుల్లో రెండు మిగిలిపోయాయి. ఒప్పుకోకపోతే బాగుండదని ఒప్పుకున్నాను. అది మర్యాదని మనకు తెలుసు, వాళ్ళ దృష్టిలో అది అబద్ధం. దానికి తోడు పోలిష్‌లో "నో" అంటే "అవును, మరే" అని అర్థం. మొదటి రెండు వారాలూ నేను ఏది అడిగినా మా మేనేజరు "నో, నో" అంటుంటే, ఈయన ప్రతిదానికీ అడ్డుపడుతున్నాడని ఇంటికి ఫోను చేసి వాపోయాను. ఆయన పాపం ప్రతిదానికీ ఒప్పుకుంటూనే ఉన్నాడు.

రెండో అంతస్తు పెద్దావిడకు మర్నాటి నుంచే జెన్ దోబ్రి చెప్పడం మొదలుపెట్టాను. మొదటి వారం తల మాత్రమే ఊపింది. మార్చిలో ఒకనాడు తలుపు దగ్గర నిలబెట్టి, తన కథ కొంత చెప్పింది. ఈ ఊరు 1945 దాకా జర్మన్ల బ్రెస్లావ్. యుద్ధం తర్వాత సరిహద్దులు పడమరకు జరిగి, జర్మన్లు వెళ్ళిపోయాక, ఇప్పుడు ఉక్రెయిన్‌లో ఉన్న ల్వూవ్ ప్రాంతం నుంచి వచ్చినవాళ్ళలో ఆవిడ తల్లిదండ్రులు ఉన్నారు. ఎప్పుడు మళ్ళీ లేచిపోవాల్సి వస్తుందోనని వాళ్ళమ్మ చాలా ఏళ్ళు ఒక పెట్టె విప్పకుండానే ఉంచిందట. "మేమూ వచ్చినవాళ్ళమే," అంది, నన్ను ఓదార్చడానికి కాదు, ఏదో లెక్క సరిచేస్తున్నట్టు. సెలవు తీసుకుంటూ చెయ్యి చాపితే చటుక్కున తన చెయ్యి వెనక్కి లాక్కుంది. మళ్ళీ ఏం తప్పు చేశానోనని కంగారుపడ్డాను. గడపకు అటొకరూ ఇటొకరూ నిలబడి చెయ్యి కలపకూడదట, అరిష్టమట. లోపలికి రమ్మంది. నేను బూట్లు బయటే విప్పి లోపలికి వెళితే, అప్పుడు చెయ్యి కలిపింది. మా నానమ్మ గడప మీద నిలబడి ఉప్పు కూడా అందుకోనిచ్చేది కాదు.

నిన్న పొద్దున మెట్ల మీద కనిపిస్తే ఎలా ఉన్నారని అడిగాను. మోకాళ్ళు, మందుల షాపులో రద్దీ, మే నెల వచ్చినా వదలని చలి, అన్నీ చెప్పింది. మామూలుగా అయితే "తగ్గిపోతుందిలెండి" అని ధైర్యం చెప్పేవాణ్ణి. నిన్న మాత్రం, నాకూ నడుము పట్టేసిందనీ, కుర్చీలు బాగాలేవనీ, ఈ దేశంలో చింతపండు ధర వింటే కళ్ళు తిరుగుతున్నాయనీ చెప్పాను. ఆవిడకు చింతపండు అంటే ఏమిటో తెలియదు.

"నో, నో," అంది, చాలా తృప్తిగా తల ఊపుతూ, తన చేతిసంచి నా చేతికిచ్చింది.